లిఫ్టర్ పక్షం

వాలీబాల్ చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువగా షూటర్‌నే చూస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. గాల్లోకి ఎగిరేది అతను, బాల్‌ను నేలకేసి కొట్టేది అతను, కొట్టాక బనీను సర్దుకుంటూ జనం వైపు తిరిగేది కూడా అతనే. అంతకు క్షణం ముందు ఆ బాల్‌ను నెట్టుకు జానెడు ఎడంగా, షూటర్ చెయ్యి అందే ఎత్తులో నిలబెట్టినవాడు ఒకడుంటాడు. అతన్ని మా వైపు లిఫ్టర్ అంటారు. జనం చప్పట్లు కొట్టే సమయానికి అతను వెనక్కి తిరిగి, తరువాతి బాల్ ఎటు నుంచి వస్తుందా అని చూస్తుంటాడు. గోదావరిఖనిలో పనిచేసినన్నాళ్లూ నేను లిఫ్టర్ పక్షమే. నువ్వు ఏ పక్షమని నన్నెవరూ అడగలేదు. అయినా చెప్తూ వచ్చాను.

బొగ్గుగనిలో నా ఉద్యోగం ఫ్యాన్ ఆపరేటర్. గని లోపలి చెడ్డ గాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాన్ ఒకటుంటుంది. అది ఆగకుండా చూడటం, గంటకోసారి మీటరు చూసి రాయడం నా పని. ఆ ఫ్యాన్ హౌస్ వెనకాలే గని వాలీబాల్ కోర్టు. దాంతో డ్యూటీలో ఉన్నంతసేపు ఒక ఫ్యాన్‌ను చూసుకునేవాణ్ణి, డ్యూటీ దిగాక నేనే ఫ్యాన్ అయ్యేవాణ్ణి. ఈ జోకు నాది కాదు, మా బామ్మర్దిది. అతని జోకులన్నీ ఇలాంటివే.

బామ్మర్ది పక్క గనిలో బొగ్గు మోసే బెల్టుకు ఆపరేటర్. ఏటా కంపెనీ గనుల మధ్య టోర్నమెంటు పెట్టేది. ఏటా మా గని బాగానే మొదలుపెట్టి, ఎక్కడో ఒకచోట బామ్మర్ది గనికి ఎదురుపడి, ఓడిపోయేది. ఆ సాయంత్రం అతను అర్ధ కిలో జిలేబి కట్టించుకుని మా క్వార్టర్‌కు వచ్చేవాడు.

“ఓడిపోయినోళ్ల ఇంట్ల పొయ్యి ముట్టిచ్చిండ్రో లేదో అని తెచ్చిన బావ,” అనేవాడు.

మా ఇంటామె దాన్ని పళ్లెంలో పెట్టి అందరికీ సమానంగా పంచేది. తమ్ముడి గని గెలిచిందని సంతోషం, భర్త గని ఓడిందని విచారం, రెండూ ఆమె ముఖంలో కనిపించేవి కావు. జిలేబి ఎప్పుడూ వేడిగానే ఉండేది. తినేవాణ్ణి.

అంత ఓడిపోయే జట్టును ఎందుకు పట్టుకుని వేలాడుతున్నావని చాలామంది అడిగారు. గెలిచే జట్టును ఇష్టపడటానికి కళ్లుంటే చాలు, దానికి అభిమానమని పేరు పెట్టనవసరం లేదని చెప్పేవాణ్ణి. అసలు కారణం మాత్రం మా లిఫ్టర్. ఆయన గనిలో హాలర్ డ్రైవర్. బొగ్గు నింపిన టబ్బులను తాడుతో పైకి లాగే యంత్రం నడిపేవాడు. నాకంటే కొన్నేళ్లు పెద్ద, కొంచెం బొజ్జ. పరుగెత్తగా నేను చూడలేదు. బాల్ ఎక్కడ పడబోతుందో అక్కడ ముందే నిలబడి ఉండేవాడు. కోర్టులో ఆయన మాట్లాడేవి రెండే మాటలు: ‘నాది’, ‘నీది’. ఈ రెండు మాటలతో ఆయన ఆరుగురిని నడిపించాడు. షూటర్లు వచ్చారు, పేరు తెచ్చుకున్నారు, బదిలీ అయ్యారు. ఎవరొచ్చినా వాళ్ల ఎత్తుకు తగ్గట్టు లేపింది ఆయనే.

ఊళ్లో ఫ్లెక్సీలు అప్పుడప్పుడే చవక అవుతున్న రోజుల్లో ఒక వార్త పుట్టింది. మందమర్రి నుంచి ఒక లిఫ్టర్ మా గనికి బదిలీ మీద వస్తున్నాడని. స్టేట్ ఆడాడని. మొదట ఇంతే. వారం తిరిగేసరికి అతను నేషనల్ క్యాంపుకు పోయి వచ్చాడు. ఎత్తు కూడా రోజురోజుకీ పెరిగింది. క్యాంటీన్‌లో ఒకాయన అతని ఎత్తు చూపించడానికి కుర్చీ ఎక్కాడు.

నేను అదే బల్ల దగ్గర ఉన్నాను.

“ఆయన ఆట ఎవరన్న చూసిండ్రా?” అని అడిగాను.

“చూసుడేంది అన్న, స్టేట్ ఆడిండు,” అన్నాడు కుర్చీ మీదున్నాయన.

“ఎవరు చెప్పిండ్రు?”

“అందరు చెప్తున్నరు.”

“మరి మన లిఫ్టర్ సంగతేంది?”

“ఆయన గూడ ఉంటడు. బాల్ల గాలి కొట్టనీకి ఒకరు గావాలె గద.”

అందరూ నవ్వారు. నేను ఆ బల్ల దగ్గర కూర్చోవడం మానేసి పక్క బల్లకు మారాను. వాళ్ల మాటలు అక్కడికీ వినబడేవి.

ఆ బదిలీ చేయించింది తానేనని ఒక యూనియన్ లీడర్ చెప్పుకున్నాడు. గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది. అందులో లీడర్ ముఖం లారీ టైరంత ఉంది. కింద మూలకు, గుర్తింపు కార్డు నుంచి తీసిన ఫోటోలో, కళ్లు సగం మూసుకుని కొత్త లిఫ్టర్ ఉన్నాడు. మధ్యలో ‘మన గనికి మంచి రోజులు’ అని రాసి ఉంది. మా లిఫ్టర్‌ను స్పోర్ట్స్ సూపర్‌వైజర్ పిలిచి, ఈసారి బయట కూర్చోమన్నాడు. ఆయన మరునాడు జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చి ఇచ్చాడు. చూసిన నాకే కోపం వచ్చింది. సూపర్‌వైజర్‌తో రెండుసార్లు, యూనియన్ వాళ్లతో ఒకసారి గొడవపడ్డాను. మా లిఫ్టర్ నన్ను పిలిచి, “నువ్వు జర ఊకో తమ్మీ, బీపీ పెరుగుతది,” అన్నాడు.

కొత్త లిఫ్టర్ వచ్చిన రోజు పొద్దున ఫ్యాన్ హౌస్ గుమ్మంలో ఒకతను నిలబడి మంచినీళ్లు అడిగాడు. నా అంత ఎత్తే ఉన్నాడు. నేను పొడగరిని కాదు. ఫ్లెక్సీలోని సగం మూసిన కళ్లను బట్టి గుర్తుపట్టాను. నీళ్లు తాగి, ఫ్యాన్ మోతలో వినబడేలా గట్టిగా అన్నాడు.

“అన్నా, మీరు వాలీబాల్ బాగ చూస్తరట గద. మీకన్న చెప్పుకుంట. నేను స్టేట్ ఆడలే.”

“ఆడలేదా?”

“వరంగల్‌ల స్టేట్ సెలక్షన్స్ అయితె చూడనీకి పోయిన. వచ్చి మా దోస్తులకు చెప్పిన. వాళ్లు ‘చూడనీకి’ అన్న ముక్క యిడిచిపెట్టిండ్రు.”

“మరి అందరికి చెప్పకపోయినవ్?”

“చెప్పిన అన్న. ఎంత ఆడినా గర్వమే లేదు, ఎంత మంచోడు అంటున్నరు.”

బదిలీ కూడా లీడర్ చేయించింది కాదట. భార్య ఇక్కడి బడిలో టీచర్. ఎప్పటి నుంచో పెట్టుకున్న దరఖాస్తు దానంతట అదే కదిలిందట. లీడర్‌ను తాను ఫ్లెక్సీలోనే మొదటిసారి చూశానన్నాడు.

నేను ఈ సంగతి క్యాంటీన్‌లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. పాత లిఫ్టర్ మీది ప్రేమతో కొత్తవాడి మీద పుకారు పుట్టిస్తున్నానని అన్నారు. ఉన్నది చెప్తే పుకారని, లేనిది చెప్తే వార్త అని పేరు పడటం నేను అక్కడే చూశాను.

మొదటి మ్యాచ్ ఒక చిన్న గనితో. ఆ గనికి జట్టున్నదని కూడా చాలామందికి తెలియదు. మా వాళ్లు డప్పులు తెచ్చారు. లీడర్ తెల్ల బట్టల్లో వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కొత్త లిఫ్టర్ చేతులు చెడ్డవి కావు, నిజం చెప్పాలి. కానీ బాల్ తొందరగా వెళ్లేది. ఏళ్ల తరబడి పాతాయన లెక్కకు అలవాటుపడ్డ షూటర్లు ఎగిరేసరికి అది దాటిపోయేది. ఒకడు నెట్టులో కొట్టాడు, ఒకడు గాలిని కొట్టాడు, ఒకడు ఎగరడమే మానేశాడు. వరుస సెట్లలో ఓడిపోయాం. రెండో సెట్టు సగంలోనే డప్పులు ఆగాయి. ఆ తరువాత కేకలు మొదలయ్యాయి.

“స్టేట్! ఓ స్టేట్! ఇటు చూడు!”

ఎవరో నీళ్ల ప్యాకెట్ విసిరారు. అది అతని భుజానికి తగిలి పగిలింది. అతను తడిసిన బనీనుతోనే చివరి సర్వీసుకు నిలబడ్డాడు. లీడర్ కుర్చీ ఎప్పుడు ఖాళీ అయిందో నేను గమనించలేదు. మరునాటికి ఫ్లెక్సీ లేదు. కొన్నాళ్లకు మా క్వార్టర్ల వెనక ఒక కోళ్ల గూడు మీద కప్పి కనబడింది. లీడర్ ముఖం కింద కోళ్లు నీడకు ఉన్నాయి. ఆ బదిలీతో తనకు సంబంధం లేదని లీడర్ అందరికీ చెప్తున్నాడు. ఆయన చెప్పిన మాటల్లో నిజమైనది అదొక్కటే, దాన్ని కూడా ఎవరూ నమ్మలేదు.

నా మాట నెగ్గింది. నెగ్గితే బాగుంటుందని అనుకున్నాను. అలా ఏమీ లేదు.

మ్యాచ్ మరునాటి సాయంత్రం డ్యూటీ దిగి తలుపు వేస్తుంటే ఫ్యాన్ హౌస్ గోడకు బాల్ తగిలే చప్పుడు వినిపించింది. వెనక్కి వెళ్లి చూస్తే మా పాత లిఫ్టర్, కొత్త లిఫ్టర్ ఇద్దరే ఉన్నారు. పాతాయన బాల్ వేస్తున్నాడు, కొత్తతను లేపుతున్నాడు. మరునాడూ అంతే. ఆ మరునాడూ అంతే. నాకు అర్థం కాక పాతాయనను పక్కకు పిలిచాను.

“నీ జాగకు వచ్చినోనికి నువ్వే నేర్పుతున్నవా అన్నా?”

“జాగ నాది ఎట్లయితది తమ్మీ? నెట్టు కంపెనీది, బాల్ కంపెనీది.”

“నీళ్ల ప్యాకెట్లు ఇసిరిండ్రు. జనం నిన్నే అడుగుతున్నరు ఇప్పుడు.”

“మొన్న వాన్ని అడిగిండ్రు. ఇయ్యాల నన్ను అడుగుతున్నరు. జనం సంగతి యిడిచిపెట్టు.” ఆయన బాల్‌ను చంకలో పెట్టుకున్నాడు. “పోరని చేతులు మంచియి. షూటర్ మొఖం చూస్తుండు, కాలు చూడాలె. గంతే. నాకు గూడ మూడో సెట్టుకు దమ్ము సాలుత లేదు. ఒకడు గావాలె.”

ఆ మాట విన్నాక నా అభిమానం సంగతి ఏం చేయాలో తోచలేదు. ఇన్నాళ్లూ ఒక లిఫ్టర్ పక్షం పట్టుకుని ఇంకో లిఫ్టర్‌ను కాదన్నాను. ఇప్పుడు ఆ లిఫ్టరే అవతలి పక్షం చేరాడు. ఆలోచించి, ఇద్దరి పక్షమూ పట్టుకున్నాను. గోడ దాటిపోయిన బాళ్లు తెచ్చి ఇవ్వడం అప్పుడే మొదలుపెట్టాను.

తరువాతి టోర్నమెంట్లలో ఇద్దరూ కలిసి ఆడారు. ముందు వరుసలోకి ఎవరు వస్తే వాళ్లు లేపేవాళ్లు. గొప్పగా ఏమీ గెలవలేదు. కానీ ఓడిపోవడం కష్టపడి ఓడిపోయేవాళ్లం. ఆఖరిదాకా తేలని ఆట చూసి వచ్చిన బామ్మర్ది ముఖం, జిలేబి తెచ్చేటప్పుడు చెమటతో ఉండేది.

ఆ తరువాత తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. గనులన్నీ ఆగిపోయాయి. రోడ్డు పక్కన టెంట్లు వేసుకుని కూర్చున్నాం. పాటలు, ఉపన్యాసాలు, వంటలు, మళ్లీ పాటలు. టోర్నమెంటు ఆ ఏడు లేదు. ఎవరో నెట్టు తెచ్చి టెంటు వెనక రెండు గుంజలకు కట్టారు. ఏ గనివాడు ఎటు నిలబడితే అదే జట్టు. నేను చాలా ఇబ్బంది పడ్డాను. రెండు వైపులా మావాళ్లే, రెండు వైపులా పక్క గనివాళ్లే. బాల్ ఎటు పడ్డా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయేవాణ్ణి. ఒక సాయంత్రం మా పాత లిఫ్టర్ లేపితే మా బామ్మర్ది కొట్టాడు. బామ్మర్ది ఆట అంతంతమాత్రమే. ఆ బాల్ మాత్రం అవతల మట్టి లేపింది. అతను తన చెయ్యిని తానే కాసేపు చూసుకుని నా దగ్గరికి వచ్చాడు.

“నువ్వు చెప్పేది నిజమే బావ. ఈయన లేపితె కండ్లు మూసుకోని కొట్టొచ్చు.”

“ఇన్నేండ్లకు తెలిసింది.”

“తెలిసింది గాని, టోర్నమెంటుల మాత్రం మా బాయే గెలవాలె.” గనిని మా వైపు బాయి అంటారు.

సమ్మె అయిపోయాక మళ్లీ డ్యూటీలు మొదలయ్యాయి. మా గనిలో బొగ్గు తగ్గుతూ వచ్చింది. మనుషులు ఎక్కువయ్యారని కొందరిని వేరే గనులకు వేశారు. నన్ను బామ్మర్ది గని ఫ్యాన్ హౌస్‌కు వేశారు. ఆర్డర్ చూసి మా ఇంటామె, “మంచిగైంది, మీ ఇద్దరి టిఫిన్లు ఒక్క దగ్గర్నే కట్టొచ్చు,” అంది. అంతకు మించి ఆమెకు ఏమీ కనబడలేదు. బామ్మర్దికి చాలా కనబడింది.

“ఇగ నువ్వు మావోనివి బావ.”

“నేను చూసే ఫ్యాన్ మీది. నేను మీవోన్ని కాలే.”

“జీతం ఈడ తీసుకోని చప్పట్లు ఆడ కొడ్తే ఎట్ల నడుస్తది?”

“జీతం కంపెనీ ఇస్తున్నది. రెండు బాయిలు కంపెనీయే.”

నేను మారిన ఏడు చలికాలంలో జరిగిన టోర్నమెంటులో మా పాత గని, కొత్త గని ఫైనల్‌కు వచ్చాయి. కొత్త గనిలో అందరూ నన్ను మంచిగా చూశారు. అదే నాకు కష్టమైంది. షామియానా కింద నాకోసం కుర్చీ ఆపారు, చాయ్ తెచ్చి ఇచ్చారు. బామ్మర్ది నా జేబుకు వాళ్ల జట్టు ఆకుపచ్చ రిబ్బన్ గుచ్చాడు. మా ఇంటామె మొదటిసారి మ్యాచ్‌కు వచ్చి, మా ఇద్దరి మధ్య కూర్చుని, ఎవరు ఎటో ఒకసారి అడిగి తెలుసుకుంది. మా పాత గని జనం అవతలి గట్టు మీద ఎండలో ఉన్నారు. సగం మంది బదిలీ అయిపోయాక మిగిలినవాళ్లు. డప్పు ఒకటే ఉంది.

మొదటి సెట్టు పాతాయన నడిపించాడు, గెలిచారు. రెండో సెట్టుకు ఆయన రొప్పుతున్నాడు. బయటికి వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ సెట్టు పోయింది. మూడో సెట్టులో మళ్లీ ఇద్దరూ లోపల ఉన్నారు. ఒక పాయింటు వాళ్లది, ఒక పాయింటు వీళ్లది. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. చివరి బాల్ అవతలి నుంచి గట్టిగా వచ్చి ఎవరి చేతికో తగిలి అడ్డంగా లేచింది. ఇద్దరు లిఫ్టర్ల మధ్య పడబోతున్నది. ఇన్నేళ్లలో అలాంటి బాల్‌కు పాతాయన ఎప్పుడూ ‘నాది’ అనేవాడు.

“నీది!” అన్నాడు.

కొత్తతను కదిలాడు. నెట్టుకు వీపు పెట్టి, తల వెనక్కి కూడా తిప్పకుండా, బాల్‌ను వెనక్కి లేపాడు. అక్కడ షూటర్ ఉన్నాడని అతనికెలా తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు. షూటర్ ఉన్నాడు. కొట్టాడు. అయిపోయింది.

నేను లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నానని నాకు కాసేపటికి తెలిసింది. ఆ షామియానా కింద ఇంకెవరి చేతులూ కదలడం లేదు. మా ఇంటామె నా చొక్కా పట్టి లాగుతోంది. బామ్మర్ది నేల చూస్తున్నాడు. వెనక కుర్చీలోంచి మా కొత్త ఓవర్‌మన్, అంటే మా షిఫ్టు పెద్ద, నెమ్మదిగా అన్నాడు.

“అన్నా, జర ఆ రిబ్బన్ తీసి కొట్టు. మా ఇజ్జత్ పోతది.”

సబబైన మాటే. రిబ్బన్ తీసి బామ్మర్ది చేతికిచ్చి మళ్లీ కొట్టాను. కోర్టులో షూటర్‌ను భుజాల మీదికి ఎత్తారు. లిఫ్టర్లు ఇద్దరూ నెట్టు కింద కూర్చుని ఒకే సీసాలోంచి నీళ్లు తాగుతున్నారు. అటు ఎవరూ చూడటం లేదు. నేను చూశాను. దిగి వెళ్లాలనిపించింది. కానీ పక్కన బామ్మర్ది ఇంకా తల ఎత్తలేదు, ఆ కుర్చీ నాకు వాళ్లు ఇచ్చింది. కూర్చుండిపోయాను.

తరువాత కొన్నాళ్లు కొత్త గనిలో ఫ్యాన్ హౌస్ దాకా చాయ్ రాలేదు. బామ్మర్ది చాలా వారాలు మా ఇంటికి రాలేదు. తరువాత ఒక ఆదివారం వచ్చాడు. ఇద్దరం టీవీలో క్రికెట్ చూశాం. అందులో ఎవరు గెలిచినా ఇద్దరికీ పట్టింపు లేదు కాబట్టి హాయిగా గడిచింది.

రాష్ట్రం వచ్చిన ఏడాదే మా పాత గని మూతపడింది. లోపల తీయడానికి ఇక బొగ్గు లేదు. మిగిలినవాళ్లను తలా ఒక దిక్కు వేశారు. పాత లిఫ్టర్‌కు రామకృష్ణాపూర్ పడింది. కొత్త లిఫ్టర్‌ను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనికి వేశారు. వాలీబాల్ కోర్టులోనే కుర్చీలు వేసి వీడ్కోలు సభ పెట్టారు. పాతవాళ్లను కూడా పిలిస్తే నేను వెళ్లాను. అధికారులు ఉత్పత్తి గురించి, లీడర్లు పోరాటాల గురించి మాట్లాడారు. ఆటల సంగతి ఎవరూ ఎత్తలేదు. చివరికి నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు ముందు నిలబడేసరికి ఇన్నేళ్లుగా క్యాంటీన్లో చెప్పినవేవీ గుర్తురాలేదు.

“ఈ కోర్టుల బాల్ కొట్టినోళ్ల పేర్లు అందరికి ఎరుకనే,” అన్నాను. “ఆ బాల్ లేపినోళ్లు ఇగో ఈ ఇద్దరు.”

చప్పట్లు కొట్టారు. పాతాయన మైకు దగ్గరికి రాలేదు. కుర్చీలోంచే గట్టిగా అడిగాడు.

“అదంత మంచిగనే ఉన్నది తమ్మీ. ఫైనల్ నాడు నువ్వు అటు దిక్కు ఎందుకు కూసున్నవ్?”

“అటు నీడ ఉండె అన్నా.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు.

“మాకు ఎండ కొట్టింది,” అన్నాడు.

మైకు ఇచ్చేసి దిగాను. భోజనాల దగ్గర చూస్తే ఆయన తన పక్క కుర్చీ మీద తువ్వాల వేసి ఉంచాడు. నేను వచ్చేదాకా ఎవరినీ కూర్చోనివ్వలేదు. కొత్త లిఫ్టర్ వడ్డించాడు. బగారా అన్నం, కోడికూర బాగా కుదిరాయి. తిన్నంతసేపూ ముగ్గురం వాన పడుతుందా పడదా అన్నదాని గురించే మాట్లాడుకున్నాం. చేతులు కడుక్కునేసరికి పడింది. తువ్వాల ముగ్గురి నెత్తిన పట్టుకుని బస్ షెల్టర్ దాకా నడిచాం. పాతాయన బస్సు ముందొచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర సీటు చూసుకుని కూర్చున్నాడు. మేమిద్దరం బస్సు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాం.